పిలకాయల పళ్ళూ చిగుళ్ళూ: మొదటి పన్ను నుంచి ఆరో ఏడు దాకా ఇంట్లో ఏం చేయాలి

"పాలపళ్ళే కదా, ఎటూ ఊడిపోయేవే" అని ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. ముందు పళ్ళయితే 6, 7 ఏళ్ళకు ఊడతాయి, సరే. వెనకున్న పాల దవడ పళ్ళు మాత్రం 10 నుంచి 12 ఏళ్ళ దాకా నోట్లో ఉండాల్సినవి. వాటికి రెండో ఏటో మూడో ఏటో పుచ్చు పట్టిందంటే బిడ్డ నమల్లేక అన్నం పక్కకి నెట్టేస్తుంది, రాత్రిళ్ళు లేచి ఏడుస్తుంది, ఆ పన్ను ముందే తీయించాల్సి వస్తే పక్క పళ్ళు ఆ ఖాళీలోకి వాలి కింద నుంచి వచ్చే పెద్ద పన్నుకి చోటు లేకుండా చేస్తాయి. అప్పుడు మళ్ళీ క్లిప్పుల ఖర్చు.

ఇది ముఖ్యంగా ఉమ్మడి నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్ళ కోసం రాస్తున్నా. మనకి బోరు నీళ్ళల్లో ఫ్లోరైడ్ ఎక్కువన్న గొడవ ఒకటి అదనంగా ఉంది, ఎక్కడో సిటీ వాళ్ళు వీడియోల్లో చెప్పే సలహాలు కనిగిరికో పొదిలికో ఉన్నవి ఉన్నట్టు అతకవు. అంతా చదివే ఓపిక లేకపోతే ఒక్కటి పట్టుకోండి: రాత్రి పడుకోబోయే ముందు, పెద్దవాళ్ళే, చిగురూ పన్నూ కలిసే గీత వెంబడి తోమాలి. మిగతావన్నీ దీని తర్వాతే.

ముందు నోట్లో ఏం జరుగుతోందో చూద్దాం

పుట్టిన బిడ్డ నోట్లో సూక్ష్మజీవులు దాదాపు ఉండవు. కొన్ని గంటల్లోనే చేరటం మొదలవుతాయి, తల్లి ఒంటి నుంచి, పాల నుంచి, ఎత్తుకుని ముద్దాడే వాళ్ళ నుంచి. వాటిలో చాలావరకు ఏ హానీ చేయవు. పుచ్చుకి పెద్ద కారణమైన స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ అనే బ్యాక్టీరియా కథ వేరు. చిగుళ్ళ మీదా బుగ్గల లోపలా పైపొర రాలిపోతూ ఉంటుంది కాబట్టి అక్కడ అది అంతగా నిలదొక్కుకోలేదు, పన్ను మొలిచాకే దానికి గట్టిగా అతుక్కునే చోటు దొరుకుతుంది. పంచదార అందితే దాన్ని తిని లాక్టిక్ యాసిడ్ వదులుతుంది, అదే పంచదారతో జిగురు కూడా తయారు చేసుకుని పన్నుని పట్టుకుంటుంది. ఆ యాసిడ్ వల్ల పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గే కొద్దీ పులుపు ఎక్కువ) 5.5 కంటే కిందకి దిగితే పన్ను పైపొరలోని ఖనిజాలు కరగటం మొదలవుతుంది. తర్వాత లాలాజలం వచ్చి ఆ పులుపుని తగ్గించి మళ్ళీ సర్దుతుంది, దానికి అరగంట, ఒక్కోసారి ఇంకాసేపు పడుతుంది. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది. రాత్రి తోమటం గురించి ఇంతగా చెప్పేది అందుకే. పైగా పాలపళ్ళ ఎనామెల్, అంటే ఆ గట్టి పైపొర, పెద్దపళ్ళ దానికంటే పలచన, పుచ్చు తొందరగా లోపలికి దిగుతుంది.

చిగుళ్ళ సంగతి కూడా ఇంతే. చిగురు అంచున పాచి కొన్ని రోజులు కదలకుండా ఉండిపోతే అక్కడ చేరే బ్యాక్టీరియా రకం మారుతుంది, చిగురు ఎర్రబడి ఉబ్బుతుంది, బ్రష్ తగిలితే రక్తం వస్తుంది. రక్తం చూసి భయపడి చాలామంది తోమటం ఆపేస్తారు, దాంతో పాచి ఇంకా పెరుగుతుంది, చిగురు ఇంకా ఉబ్బుతుంది. చేయాల్సింది దీనికి సరిగ్గా వ్యతిరేకం: మెత్తటి బ్రష్‌తో అక్కడే, రోజూ, ఓపికగా తోమాలి. చిన్నపిల్లల్లో ఈ వాపు సాధారణంగా కింద ఎముక దాకా పోదు, పాచి పోతే ఒకటి రెండు వారాల్లో చిగురు మళ్ళీ లేత గులాబీ రంగుకి వస్తుంది.

ఇంకోటి, పుచ్చు పన్నులో పురుగు ఉండదు. చెవిలో పసరు పోసి పురుగు తీసి చూపిస్తామనే వాళ్ళ దగ్గరికి బిడ్డని తీసుకెళ్ళొద్దు, చెవి పాడవుతుంది, పన్ను అలాగే ఉంటుంది.

పళ్ళు రాకముందు

పెద్ద పనేం లేదు. స్నానం పోసేటప్పుడు శుభ్రమైన మెత్తటి గుడ్డ తడిపి వేలికి చుట్టి చిగుళ్ళు ఒకసారి మెల్లగా తుడవండి. దీని లాభమల్లా బిడ్డకి నోట్లో వేలు పెట్టించుకోవటం అలవాటు కావటమే, రేపు బ్రష్ పెట్టినప్పుడు సగం గొడవ తగ్గుతుంది. నాలుక మీద తెల్లగా ఉంటే మామూలుగా పాలే. తుడిచినా పోకుండా, బుగ్గల లోపల కూడా తెల్ల మచ్చలు అంటుకుని ఉండి, బిడ్డ పాలు తాగటానికి ఇబ్బంది పడుతుంటే అది ఫంగస్, పిల్లల డాక్టర్‌కి చూపించాలి, గీకొద్దు.

తేనె నాకించటం, పీకకి తేనె రాసి నోట్లో పెట్టటం, ఏడాది నిండే దాకా అసలు వద్దు. ఇది పళ్ళ కోసమే చెప్పటం కాదు, తేనెలో ఉండగల ఒక రకం బ్యాక్టీరియా వల్ల పసిబిడ్డలకి బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు వచ్చే అవకాశం ఉంది. వస అరగదీసి నాలుక్కి రాయటం కూడా మానేయండి. అవ్వలకి కోపం వస్తుంది, రానివ్వండి.

మొదటి పన్ను 6వ నెల అటూ ఇటూ వస్తుంది, కొందరికి ఏడాది దాకా రాదు, టెన్షన్ పడక్కర్లేదు. చొల్లు కారటం, చిరాకు, దొరికిందల్లా కొరకటం ఇవన్నీ మామూలే. ఎక్కువ జ్వరం, నీళ్ళ విరేచనాలు మాత్రం పళ్ళ వల్ల రావు. "పళ్ళొస్తున్నాయిలే, విరేచనాలు అవుతాయి" అని నాలుగు రోజులు చూస్తూ కూర్చుని, చివరికి సెలైన్ పెట్టించుకోవాల్సి వచ్చే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. విరేచనాలు మొదలైతే ఓఆర్ఎస్ ఇస్తూ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. చిగురు మీద నీలంగా చిన్న బుడగలా ఉబ్బితే కింద నుంచి పన్ను వస్తోందని అర్థం, దాన్ని పొడవొద్దు, పన్ను బయటికొస్తే అదే పోతుంది. నొప్పికి చల్లటి తడిగుడ్డ కొరకనిస్తే చాలు. మందుల షాపులో అమ్మే మొద్దుబార్చే జెల్‌లలో బెంజోకేయిన్ ఉన్నవి 2 ఏళ్ళలోపు పిల్లలకి వాడకూడదు.

పన్ను కనిపించిన రోజు నుంచి తోమాలి, మీరే తోమాలి

చిన్న తల, మెత్తటి కుచ్చు ఉన్న పిల్లల బ్రష్ కొనండి, బొమ్మ ఏదైతే ఏం. వేలికి తొడిగే సిలికాన్ బ్రష్‌లు మొదటి రెండు మూడు పళ్ళ వరకు పర్లేదు, దవడ పళ్ళొచ్చాక పనికిరావు, పైగా మీ వేలు కొరికించుకోవటం తప్ప ఏమీ ఉండదు.

ఎలా పట్టుకోవాలన్నదే అసలు చిక్కు. ఎదురుగా నిలబెట్టి తోమితే మీకు లోపల ఏమీ కనిపించదు, బిడ్డ వెనక్కి జరుగుతూ పోతుంది. ఏడాదిన్నర, రెండేళ్ళ బిడ్డకి ఇద్దరు పెద్దవాళ్ళు మోకాళ్ళు ఆనించి ఎదురెదురుగా కూర్చోండి. బిడ్డ కాళ్ళు అమ్మ నడుముకి ఇరువైపులా వచ్చేట్టు కూర్చోబెట్టి, వెనక్కి పడుకోబెట్టి తల నాన్న ఒడిలో పెట్టండి. అమ్మ చేతులు పట్టుకుని మాట్లాడుతూ ఉంటుంది, నాన్న తోముతాడు. లైటు పైనుంచి పడాలి, లేకపోతే ఫోన్ టార్చ్. ఒక్కరే ఉంటే మంచం మీద బిడ్డని పడుకోబెట్టి తల వైపు మీరు కూర్చోండి. ఏడుస్తుందా, ఏడవనివ్వండి. ఏడిస్తే నోరు తెరుస్తుంది, మీ పని తేలికవుతుంది. పదిహేను రోజులు రోజూ ఒకే టైముకి చేస్తే చాలామంది పిల్లలు అలవాటు పడతారు, మధ్యలో ఒకరోజు మానేసి ఇంకోరోజు మొదలుపెడితే మాత్రం ప్రతిసారీ యుద్ధమే.

ఇప్పుడు ఒక చిన్న కిటుకు చెప్తా, ఇది తెలియక చాలామంది బిడ్డకి బ్రష్ అంటేనే భయం పట్టిస్తారు. పై పెదవి ఎత్తి చూడండి, పెదవి లోపలి నుంచి చిగురు మధ్యకి ఒక సన్నటి చర్మపు తీగ ఉంటుంది. బ్రష్ దానికి తగిలితే చాలా నొప్పి. ఎడమ చూపుడు వేలితో పెదవి ఎత్తి, ఆ వేలిని ఆ తీగ మీద అడ్డం పెట్టి, పక్కల నుంచి తోమండి. పై ముందు పళ్ళ చిగురు అంచు మొదట తోమేయండి, ఎందుకంటే పసిపిల్లల్లో పుచ్చు మొదలయ్యేది అక్కడే, కింద ముందు పళ్ళని నాలుకా లాలాజలమూ కొంత కాపాడతాయి. బ్రష్ కుచ్చుని చిగురు వైపు కొంచెం వాల్చి, చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు తిప్పండి, గట్టిగా రుద్దొద్దు. తర్వాత దవడ పళ్ళు, పైన గుంటలుండే భాగం, బుగ్గ వైపు, చివరికి నాలుక వైపు. రెండు నిమిషాలు చాలు, పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. పొద్దున స్కూల్ వ్యాన్ హడావుడిలో తప్పినా తప్పొచ్చు, రాత్రిది తప్పకూడదు. రెండు దవడ పళ్ళు ఒకదానికొకటి ఆనుకుంటే మధ్యలోకి కుచ్చు పోదు, అక్కడ ఫ్లాస్ దారం ఒక్కసారి ఆడించండి.

"మావాడికి నాలుగేళ్ళే, వాడే తోముకుంటాడు" అని మురిసిపోయే వాళ్ళుంటారు. తోముకోనివ్వండి, తర్వాత మీరు మళ్ళీ తోమండి. చేతి వేళ్ళు సరిగ్గా తిరిగేది 7, 8 ఏళ్ళకే, షూ లేసు తనంతట తాను కట్టుకోగలిగే దాకా పళ్ళ పని మీదే.

వేపపుల్ల ఇంట్లో పెద్దలు వాడుకుంటే వాడుకోనివ్వండి, చిన్నపిల్లల చేతికి ఇస్తే చిగురు గీరుకుంటుంది, పైగా దాంట్లో పన్నుని పుచ్చు నుంచి కాపాడే ఫ్లోరైడ్ ఉండదు. బొగ్గు, ఇటుక పొడి, ఉప్పు, గరుకు పళ్ళపొడి ఎనామెల్‌ని అరగదీస్తాయి. పళ్ళు తెల్లగా అవుతాయని నిమ్మకాయ రుద్దటం ఇంకా ఘోరం, గూడూరు నిమ్మకాయలు పచ్చడికి వాడుకోండి.

పేస్ట్ ఎంత, నీళ్ళు ఏవి

మామూలు లెక్క ఇది. మొదటి పన్ను నుంచి 3 ఏళ్ళ దాకా బియ్యపు గింజంత, 3 నుంచి 6 ఏళ్ళ దాకా బఠాణీ గింజంత, సుమారు 1000 పీపీఎం ఫ్లోరైడ్ ఉన్న పేస్ట్. పీపీఎం ఎంతో డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది, చదవండి. పసిపిల్లలకని అమ్మే రంగు రంగుల పేస్టుల్లో కొన్నింట్లో ఫ్లోరైడ్ అసలుండదు, అవి రుచికే. తోమాక ఉమ్మించండి, గ్లాసుడు నీళ్ళు పోసి పుక్కిలించక్కర్లేదు, పలచగా మిగిలిన ఫ్లోరైడే రాత్రంతా పని చేస్తుంది. టీవీ యాడ్‌లో చూపించినట్టు బ్రష్ పొడుగునా పేస్ట్ వేయటం మన ఇళ్ళలో బాగా ఉన్న అలవాటు, అది మానాలి.

ఇప్పుడు మన గొడవ. ఉమ్మడి ప్రకాశం పడమటి మండలాల్లో, నెల్లూరు జిల్లాలో ఉదయగిరి వైపు, చాలా బోర్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఇది కొత్త సంగతి కాదు, నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళూ ఎముకలూ దెబ్బతినటం) ఉందని 1937లోనే వైద్య పత్రికలో రాశారు, కనిగిరి, పొదిలి, దర్శి అప్పుడు నెల్లూరు జిల్లాలోవే, ప్రకాశం జిల్లా వచ్చింది 1970లో. అక్కడ పుట్టి పెరిగిన వాళ్ళ పళ్ళ మీద గోధుమ రంగు చారలు చూసి మనకి అలవాటైపోయింది. అందుకే "మాకు నీళ్ళల్లోనే ఫ్లోరైడ్ ఉంటే మళ్ళీ పేస్ట్‌లో ఎందుకు" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే, కానీ ఒక్కసారి లెక్క వేయండి.

1000 పీపీఎం అంటే గ్రాము పేస్ట్‌లో 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్. బియ్యపు గింజంత పేస్ట్ సుమారు 0.1 గ్రాము, అంటే బిడ్డ మొత్తం మింగేసినా పూటకి 0.1 మిల్లీగ్రాము, రెండు పూటలకి 0.2. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని పరిమితి. బోరు నీళ్ళల్లో లీటరుకి 3 మిల్లీగ్రాములు ఉందనుకోండి, బిడ్డ లీటరు తాగితే 3 మిల్లీగ్రాములు లోపలికి పోయినట్టే. పేస్ట్ కంటే పదిహేను రెట్లు. కాబట్టి ముందు ఆపాల్సింది ఆ బోరు నీళ్ళని. పేస్ట్ ఆపేసి బోరు నీళ్ళు తాగిస్తూ ఉంటే చారలూ వస్తాయి, పుచ్చూ వస్తుంది, రెండూ ఒకే నోట్లో ఉన్న పిల్లలు ఉంటారు. ఫ్లోరైడ్ ఎక్కువైతే మచ్చలు పడేది పాలపళ్ళ కంటే లోపల తయారవుతున్న పెద్దపళ్ళకి, ముఖ్యంగా ముందు పళ్ళకి మొదటి మూడేళ్ళే కీలకం, అంటే బిడ్డ పాలు మానేలోపే సగం కథ అయిపోతుంది.

చేయాల్సింది ఇది. మీ బోరు నీళ్ళు పరీక్ష చేయించండి, గ్రామీణ నీటి సరఫరా శాఖకి ల్యాబులున్నాయి, ఊరి సచివాలయంలో అడిగితే ఎక్కడికి పంపాలో చెప్తారు. సాగర్ నీళ్ళు, సోమశిల నీళ్ళు కుళాయిలో వచ్చే చోట సాధారణంగా ఈ బెడద ఉండదు. లేనివాళ్ళు ఆర్వో ప్లాంట్ నీళ్ళు వాడండి, తాగటానికే కాదు, బిడ్డకి జావ కాచటానికి, అన్నం, పప్పు వండటానికి, పాలపొడి కలపటానికి కూడా అవే. చాలా ఇళ్ళలో తాగటానికి క్యాన్, వంటకి బోరు, ఇక్కడే పొరపాటు జరుగుతోంది. కాచి చల్లార్చితే క్రిములు చస్తాయి కానీ ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు ఇగిరే కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. బిడ్డకి టీ అలవాటు చేయొద్దు, టీ ఆకులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది, చక్కెర సంగతి సరేసరి. మీ నీళ్ళల్లో నిజంగా ఎక్కువ ఉందని రిపోర్ట్ వస్తే ఆ కాగితం పట్టుకుని పళ్ళ డాక్టర్‌ని అడిగి, మీ బిడ్డకి ఏ పేస్ట్, ఎంత అన్నది తేల్చుకోండి. అప్పటిదాకా గింజంత అంటే గింజంతే, సన్నటి మొలగొలుకుల బియ్యపు గింజనుకోండి.

తీపి: ఎంత కంటే ఎన్నిసార్లు

ప్రతి తీపి ముక్కకి అరగంట పైగా నోట్లో పులుపు ఉంటుందని పైన చెప్పాను కదా. మలై కాజా భోజనంతో పాటు ఒకేసారి తినేసిన బిడ్డకి ఒక దెబ్బ. ఒక లాలీపాప్ చీకుతూ, మధ్యలో బిస్కెట్, కాసేపటికి ఫ్రూటీ సిప్పు, మళ్ళీ బిస్కెట్ అని సాయంత్రమంతా తిరిగే బిడ్డకి నోరు కోలుకునే సందే ఉండదు. మొత్తం పంచదార తక్కువే అయినా నష్టం ఎక్కువ. కాబట్టి పండక్కి తీపి పెట్టండి, తాతయ్య తెచ్చిన మైసూర్‌పాక్ పెట్టండి, భోజనం అప్పుడే పెట్టేయండి, తర్వాత నీళ్ళు తాగించండి. ఆకలేస్తే మధ్యలో శనగలు, అరటిపండు, దోసె ముక్క, పెరుగు. బెల్లం ఒంటికి మంచిదని రాగి జావలో బాగా దట్టించే వాళ్ళకి ఒక మాట, పంటికి బెల్లమైనా పంచదారైనా ఒకటే.

రాత్రి పాల సీసా గురించి గట్టిగానే చెప్తా. పంచదార వేసిన పాల సీసా నోట్లో పెట్టి నిద్రపుచ్చటం పసిపిల్లల పళ్ళకి జరిగే అతి పెద్ద అన్యాయం, బూస్ట్, హార్లిక్స్ కలిపితే ఇంకా. పాలు తోమే ముందే తాగించండి. సీసా ఏడాది దాటాక మెల్లగా మాన్పించి గ్లాసుకి మార్చండి. ఒక్కసారిగా మాన్పించటం కుదరకపోతే ముందు పంచదార తగ్గించండి, తర్వాత పాలల్లో నీళ్ళు పెంచుకుంటూ వారం పది రోజుల్లో సీసాలో ఉత్త నీళ్ళే ఉండేట్టు చేయండి, అదీ ఏడాది దాటిన పిల్లలకే, పసికందు పాలల్లో నీళ్ళు కలపొద్దు. తల్లిపాలు మాత్రం పళ్ళ కోసమని మాన్పించకండి, రెండేళ్ళ దాకా ఇవ్వొచ్చు. ఏడాది దాటాక రాత్రంతా పట్టి ఉంచటం తగ్గించి, పగలు తిన్న తిండి పళ్ళ మీద మిగలకుండా పడుకునేలోపు తోమితే చాలు.

దగ్గు సిరప్‌లు తీపే, రాత్రి మందు వేశాక కాస్త నీళ్ళు తాగించండి. వేసవి సెలవుల్లో అమ్మమ్మ ఊరెళ్ళినప్పుడు బ్రష్ సంచిలో పెట్టటం మర్చిపోకండి, ఆ నెలన్నరలో ఐస్‌ఫ్రూట్‌లు ఎన్ని తింటారో లెక్కుండదు, తోమేవాళ్ళుండరు.

బిడ్డ పళ్ళు కాపాడాలంటే మీ పళ్ళు చూపించుకోండి

మ్యూటాన్స్ బ్యాక్టీరియా బిడ్డకి ఎక్కువగా వచ్చేది ఇంట్లో వాళ్ళ ఉమ్మి నుంచే, అందులోనూ బిడ్డని ఎక్కువగా చూసుకునే వాళ్ళ నుంచి. అవ్వ నమిలి పెట్టటం, తల్లి స్పూన్ తన నోట్లో పెట్టి వేడి చూసి బిడ్డ నోట్లో పెట్టటం, కింద పడ్డ పీకని చీకి శుభ్రం చేసి ఇవ్వటం, ఇవి మానండి. ఉదయగిరి చెక్క స్పూన్ అయినా సరే బిడ్డది బిడ్డకే. అలాగని ముద్దు పెట్టుకున్న ప్రతిసారీ భయపడుతూ బతకక్కర్లేదు, ఒకే ఇంట్లో ఉన్నాక ఎంతో కొంత చేరక మానదు. మీ నోట్లో నాలుగు పిప్పి పళ్ళు ఉంటే స్పూన్ వేరు చేసి లాభం తక్కువ, ఆ పిప్పి పళ్ళు బాగు చేయించుకోవటమే అసలు పని. గర్భంతో ఉన్నప్పుడు చిగుళ్ళు వాచి రక్తం రావటం మామూలుగా జరిగేదే, అప్పుడే ఒకసారి చూపించుకుని క్లీనింగ్ చేయించుకోవచ్చు, ప్రమాదమేం లేదు, గర్భవతినని ముందే చెప్పండి.

నెలకోసారి పెదవి ఎత్తి చూడండి

గుడ్డతో పళ్ళు తుడిచి, వెలుతురులో పై ముందు పళ్ళు చిగురు దగ్గర చూడండి. చిగురుకి సమాంతరంగా సున్నం గీత గీసినట్టు తెల్లగా, మెరుపు లేకుండా ఉందంటే పుచ్చు మొదలైందని. ఈ దశలో గుంట పడలేదు కాబట్టి తోమటం, తీపి తగ్గించటం, డాక్టర్ పూసే ఫ్లోరైడ్ వార్నిష్‌తో ఆపవచ్చు. అదే పసుపో గోధుమో రంగుకి మారి గుంట పడితే ఇంట్లో చేసేదేమీ లేదు. ఫ్లోరోసిస్ మచ్చలు వేరు, అవి సాధారణంగా కుడి ఎడమ పళ్ళ మీద జోడుగా, పన్నంతా పరుచుకుని ఉంటాయి.

అంగన్‌వాడీలోనో ఆశా వర్కరో ఇచ్చే ఐరన్ సిరప్ వల్ల పళ్ళు నల్లబడతాయి. అది పైపై మరకే, పుచ్చు కాదు, సిరప్ మానొద్దు. నాలుక వెనక వైపు పోసి తర్వాత నీళ్ళు తాగించండి.

ఇంట్లో ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సినవి

చిగుళ్ళన్నీ ఒక్కసారిగా ఎర్రగా ఉబ్బి, నోట్లో, పెదాల మీద చిన్న చిన్న పుండ్లు, బాగా జ్వరం, బిడ్డ చొల్లు కూడా మింగట్లేదంటే "వేడి చేసింది" అని ఊరుకోకండి. ఇది తరచుగా హెర్పిస్ వైరస్ వల్ల వచ్చేది, 6 నెలల నుంచి 5 ఏళ్ళ లోపు పిల్లల్లో కనిపిస్తుంది. ఒకటి రెండు వారాల్లో తగ్గుతుంది, యాంటీబయాటిక్ దీనికి పని చేయదు, కానీ బిడ్డ నీళ్ళు మానేస్తే నీరసించిపోతుంది. చల్లటి మజ్జిగ, కొబ్బరి నీళ్ళు, సగ్గుబియ్యం జావ కొంచెం కొంచెంగా పట్టండి. ఏడెనిమిది గంటలు మూత్రం పోయకపోతే వెంటనే ఆసుపత్రికి. పెదవి మీద జ్వరపు పొక్కులున్న పెద్దవాళ్ళు అవి మానే దాకా పసిబిడ్డని ముద్దు పెట్టుకోకూడదు.

పుచ్చు పన్ను పక్కన చిగురు మీద చీము బొబ్బ లేచి పగిలిపోతే నొప్పి తగ్గుతుంది, దాంతో బాగైపోయిందనుకుంటారు. లోపల చీము అలాగే ఉంటుంది, కింద పెరుగుతున్న పెద్ద పన్నుని కూడా పాడు చేయవచ్చు. బుగ్గ వాచి జ్వరం వస్తే, వాపు కంటి వైపో దవడ కిందకో పాకితే, మింగటం కష్టమైతే అదే రోజు వెళ్ళాలి, తెల్లారనిద్దాం అనుకోవద్దు. పళ్ళు శుభ్రంగానే ఉన్నా చిగుళ్ళ నుంచి రక్తం ఆగకుండా వస్తూ, ఒంటి మీద ఊరికే కమిలిన మచ్చలు పడుతుంటే పిల్లల డాక్టర్‌కి చూపించి రక్త పరీక్ష చేయించండి. దెబ్బ తగలకుండానే మూడు నాలుగేళ్ళకే పళ్ళు కదులుతుంటే అదీ చూపించాల్సిందే.

ఎక్కడికంటే, నెల్లూరులో నారాయణ డెంటల్ కాలేజీలో పిల్లల పళ్ళకి విడిగా విభాగం ఉంది, కాలేజీ ఆసుపత్రి కాబట్టి కాస్త సమయం పడుతుంది, పొద్దున్నే వెళ్ళండి. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో పళ్ళ విభాగం ఉంటుంది. అంగన్‌వాడీలకి, ప్రభుత్వ బడులకి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వచ్చే వైద్య బృందం పళ్ళు కూడా చూడాలి, ఆ రోజు బిడ్డని బడి మాన్పించొద్దు, వాళ్ళు చూడకపోతే మీరే అడగండి. నొప్పి వచ్చాక మొదటిసారి తీసుకెళ్తే బిడ్డకి ఆ కుర్చీ అంటే జీవితాంతం భయమే, ఏడాది నిండేలోపు ఒకసారి ఊరికే చూపించుకురండి. పుచ్చు మీద పూసే ఒక వెండి మందు ఉంది, అది పుచ్చుని ఆపుతుంది కానీ ఆ చోటు నల్లగా మారుతుంది, డాక్టర్ చెప్పినప్పుడు ఆశ్చర్యపోకండి, మత్తు ఇచ్చి చేసే వైద్యం కంటే చిన్నపిల్లకి అదే మేలు కావచ్చు.

ఆరో ఏడు దగ్గర పడుతుంటే

ఒక పన్ను ఎవరికీ తెలియకుండా వస్తుంది. 20 పాలపళ్ళ వెనకాల, ఏదీ ఊడకుండానే, సుమారు 6 ఏళ్ళకి పెద్ద దవడ పన్ను మొలుస్తుంది, నాలుగు వైపులా నాలుగు. ఏమీ ఊడలేదు కాబట్టి ఇదీ పాలపన్నే అనుకుని వదిలేస్తారు, అది జీవితాంతం ఉండాల్సిన పన్ను. సగం చిగురు కప్పుకుని, పక్క పన్ను కంటే కిందగా ఉంటుంది కాబట్టి మామూలుగా తోమితే బ్రష్ దాని మీద నుంచి జారిపోతుంది. బుగ్గ పక్క నుంచి బ్రష్ అడ్డంగా పెట్టి ఆ ఒక్క పన్ను మీదే విడిగా తోమండి. అది పూర్తిగా పైకొచ్చాక లోతైన గుంటలు మూసే సీలెంట్ వేయించాలా అని డాక్టర్‌ని అడగండి.